మా అమ్మమ్మ తిక్కకు సైన్సు పూయకండి

పోయిన వేసవిలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెద్దమావయ్య కొడుకు ఒక పొడుగాటి పోస్టు పెట్టాడు. మా అమ్మమ్మ గురించి. వాడికి నాయినమ్మ. ఆవిడ బావినీళ్లను పాత పంచె నాలుగు మడతలు వేసి వడగట్టేదట. ఉద్దానం నీళ్లలో ఏదో ఉందని ఆవిడకు నలభై ఏళ్ల కిందటే తెలుసట. మన ముసలివాళ్లు బడి మొహం చూడని శాస్త్రవేత్తలట. ఆవిడ చాదస్తాలన్నీ ఒకదాని కింద ఒకటి రాసి, ప్రతిదానికీ వెనకాల ఒక శాస్త్రీయ కారణం తగిలించాడు. కింద పదిహేను దండాల బొమ్మలు. మా అమ్మ కూడా ఒక దండం పెట్టింది.

నేను పెట్టలేదు. వడగట్టేది, అది నిజమే. కిరసనాయిలు కూడా వడగట్టేది (దానికి వేరే గుడ్డ లెండి). మజ్జిగ వడగట్టేది. ఎవరో కాశీ వెళ్లొచ్చి గంగ చెంబు తెచ్చిస్తే, అడుగున నలకలు కనిపిస్తున్నాయని మూత ఊడదీసి దాన్నీ వడగట్టింది. గంగను వడగట్టిన మనిషి అని ఊరు చాలా ఏళ్లు చెప్పుకుంది. పంచెలో వడగడితే నలకలు పోతాయి గానీ నీళ్లలో కరిగిపోయి ఉన్నది పోదు. ఆ వడగట్టిన నీళ్లే తాగి పెరిగిన మా చిన్నమావయ్య ఇవాళ డయాలసిస్ కోసం పలాస వెళ్లొస్తున్నాడు. ఆ పోస్టు ఆయన ఫోన్‌కీ వెళ్లింది. ఆయన ఏ బొమ్మా పెట్టలేదు.

ఉద్దానం తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా చివర, ఒరిస్సా ఇవతల, సముద్రం వారన ఉన్న కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఊళ్లను కలిపి అలా అంటారు. ఉద్యానవనం అనే మాటే నోళ్లలో అరిగి ఉద్దానం అయిందంటారు. ఇసక నేల. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. ఇప్పుడు పేపర్లో ఆ పేరు కనబడిందంటే అది కిడ్నీ జబ్బు గురించే. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లు, మట్టి, నెత్తురు పట్టుకెళ్లి పరీక్షలు చేశాయి. కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. నా చిన్నప్పుడు మాత్రం ఆ పేరు వింటే నోట్లో నీళ్లూరేవి.

మేం ఉండేది విశాఖపట్నంలో. ఏప్రిల్ 23న బడి మూసేస్తే 24న బండెక్కేవాళ్లం. పాసింజరు అయిదారు గంటలు ఈడ్చి ఈడ్చి సోంపేట స్టేషన్లో దించేది. పేరు సోంపేట గానీ స్టేషన్ ఉండేది కంచిలిలో. అక్కడి నుంచి ఎడ్లబండి. బండి తోటల్లోకి తిరగగానే జీడిపళ్ల పులిసిన వాసన ముక్కుకు తగిలేది. ఆ వాసన మంచిదో చెడ్డదో ఇప్పటికీ చెప్పలేను. నాకది సెలవుల వాసన.

గుమ్మం దగ్గర అమ్మమ్మ. తెల్లచీర, ఎడమచేతికి మగవాళ్ల వాచీ, నోట్లో అడ్డచుట్ట. అడ్డచుట్ట అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లు చాలామంది అలాగే కాల్చేవాళ్లు. మొదటిసారి చూసినప్పుడు ఆవిడ నిప్పు మింగేస్తోందని ఏడ్చానట. నాకు లోకంలో అంతకు మించిన వింత లేదు. ఊళ్లో మాత్రం దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. పక్కింటి ముసలమ్మ కాల్చేది, ఎదురింటి ముసలమ్మ కాల్చేది, సంతకొచ్చే ముసలమ్మలంతా కాల్చేవాళ్లు. ఊరికి వింతగా కనబడింది ఆ వాచీ.

మొగుడు పోయిన ఆడది చేతికి వాచీ పెట్టుకోవడమేంటి? అది కూడా నడవని వాచీ! ముళ్లు రెండూ నాలుగూ పదకొండు దగ్గర ఆగిపోయి ఉండేవి. దాన్ని రోజూ చీర కొంగుతో తుడిచేది. "అదెక్కడిదే అమ్మమ్మా?" అని నేను మూడు వేసవులు అడిగాను, మూడు జవాబులు వచ్చాయి. మొదటిసారి, "మీ తాత రంగంనించి తెచ్చినాడే" అంది. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. నేను ఆ జవాబు పట్టుకుని ఏడాదంతా పెద్ద ప్రేమకథ అల్లుకున్నాను. మరుసటేడు అడిగితే, "సంతలో కొన్నానే. నడిచేదైతే నలభై అన్నాడు, నడవందైతే పదన్నాడు. నడవడానికి నాకు కాళ్లున్నాయి, దానికెందుకు?" అంది. మూడోసారి చుట్ట తీసి ఉమ్మి, "సెయ్యి బోసిగుంటే దోమలు కుడతన్నాయే" అంది. ఏది నిజమో నేను తేల్చలేదు. తేల్చాలని ఇప్పుడు లేదు కూడా.

చేతికి వాచీ పెట్టుకుని టైము మాత్రం రైలుని బట్టి చూసేది. పొద్దున్న చద్దన్నమో చోడి అంబలో ఎప్పుడు తాగినా పరవాలేదు. మధ్యాహ్నం అన్నం మాత్రం కంచిలి వైపు నుంచి బండి కూత వినబడ్డాకే. గాలి ఇటు వీస్తే కూత బాగా వినిపించేది. అటు వీస్తే చెవులు రిక్కించాలి. బండి గంట ఆలస్యమైతే అన్నం గంట ఆలస్యం. ఒకసారి ఆ బండే రాలేదు. మూడు దాటింది, పిల్లలం పదిమందిమి పీటల మీద కూర్చుని ఉన్నాం, కుండలో పులుసు చల్లారిపోతోంది. చివరికి చిన్నమావయ్య పెరట్లోకి వెళ్లి బాదం చెట్టు చాటున నుంచుని రైలులా కూత పెట్టాడు. అమ్మమ్మ నవ్వు ఆపుకుంటూ, "అదిగో, బండొచ్చింది. వడ్డించండి" అంది.

పెద్దమావయ్య కొడుకు పోస్టులో దీనికీ ఒక కారణం ఉంది. వేళకు తినడం వల్ల జీర్ణశక్తి బాగుంటుందని ఆవిడకు తెలుసట! ఆ పాసింజరు ఏ రోజైనా వేళకొచ్చిందా?

ఇక చెట్లు. ఇంటి వెనక దొడ్డి దాటగానే ఆవిడ సొంతంగా చూసుకునే కొబ్బరిచెట్లు తొమ్మిది ఉండేవి. తక్కిన తోట మావయ్యలు చూసుకునేవాళ్లు. ఈ తొమ్మిదింటికీ పేర్లు పెట్టింది. దేవుళ్ల పేర్లు కాదు, తనను ఏడిపించినవాళ్లవి, తను చూసి నవ్వుకున్నవాళ్లవి. ఒకటి అత్త. ఒకటి మున్సబు. ఒకటి తాసిల్దారు. సన్నగా, తలదించుకున్నట్టు ఉండేది పెళ్లికూతురు. తూర్పుకి, సముద్రం వైపు వాలి ఉన్నది రంగం. "ఓడెక్కడానికి తయారుగుంది" అనేది దాన్ని. రోజూ సాయంత్రం నీళ్లు పోస్తూ ఒక్కో చెట్టునీ పలకరించేది. చూసేవాళ్లకు అది పలకరింపు. దగ్గరకెళ్లి వింటే అన్నీ దెప్పిపొడుపులు.

అన్నిటికంటే ఎక్కువ కాసేది అత్త. అదే అమ్మమ్మకు మంట. దింపు తీయించిన రోజు కాయలు కుప్ప పోసి, ఒరియాలో ఎకొ, దుయి, తిని, చారి అని లెక్కపెట్టి (మా వైపు కాయల లెక్క చాలామందికి ఒరియాలోనే వస్తుంది, తిట్లు మాత్రం తెలుగులో), అత్త కుప్ప పెద్దదని తేలగానే చెట్టు మొదట్లో నిలబడి మొదలుపెట్టేది. "బతికినన్నాళ్లూ పిడికెడు బియ్యం సేతికివ్వనేదు. ఇప్పుడు సూడు, గెలలు గెలలు కుమ్మరిస్తంది, సిగ్గునేంది!"

1984లో రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను ఒక్క కలంపోటుతో తీసేసింది. ఆ వేసవికి మేం వెళ్లేసరికి అమ్మమ్మ మున్సబు చెట్టుకు నీళ్లు తగ్గించేసింది. "ఉద్యోగం పోయింది కదే, ఇంకా అంత నీళ్లెందుకు?" అంది. ఆ మరుసటేడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, తాసిల్దారు కాస్తా ఎమ్మార్వో అయ్యాడు. చెట్టు పేరు మార్చవా అని అడిగాను. "ఆల్లు మార్సుకుంటే నాకేటి" అంది. చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వమే మళ్లీ తహసీల్దార్ అన్న పేరు తెచ్చుకుంది. ఈ విషయంలో అమ్మమ్మే గెలిచిందని నా లెక్క.

ఇవన్నీ కలిపి ఊరు ఒక్క మాట అనేది: తిక్కమనిషి. మావయ్యలు అనేవాళ్లు, కోడళ్లు అనేవాళ్లు, నవ్వుతూనే మా అమ్మ కూడా అనేది. ఆవిడ ముందే అనేవాళ్లు. ఆవిడకు కోపం వచ్చేది కాదు.

అసలు వేసవంటే ఆడుకోవడం కాదు, జీడితోట. దాని గురించి చెప్పకుండా మామిడిపళ్లూ ముంజెలూ అని రాసేవాళ్లను నేను నమ్మను. వేకువనే, ఎండ ఎక్కకముందే లేపేసేది. రాలిన జీడిపళ్లను ఏరి, పండు నుంచి పిక్కను మెలితిప్పి తీయాలి. పండు రసం గౌనుకు తగిలితే ఆ మరక ఇక జన్మలో పోదు. గౌన్లన్నీ వేసవి అయ్యేసరికి గోధుమరంగు మచ్చలతో చిరుతపులి చర్మంలా ఉండేవి. పండును ఉప్పు అద్దుకుని తింటే మొదట తియ్యగా, తర్వాత గొంతు పట్టేసినట్టు వగరు. పిక్కల్ని ఎండబెట్టి బస్తాలకెత్తేవాళ్లు. మా వైపు పిక్కల బస్తా అంటే 80 కేజీలు. అవి పలాస ఫ్యాక్టరీలకు పోయేవి.

పిల్లలకు కూలి పిక్కల్లోనే. రోజుకొక గుప్పెడు. ఆ గుప్పెడు కొట్టుకు పట్టుకెళ్తే పుల్ల ఐసు, బెల్లం జీళ్లు, మరీ ఎక్కువ దాచుకుంటే రబ్బరు బంతి. మిగిలినవాటిని తోటలోనే కాల్చుకునేవాళ్లం. చిల్లులు పొడిచిన రేకుడబ్బాలో పిక్కలు పోసి, కింద కొబ్బరి మట్టలు మంట పెడితే, కాసేపటికి పిక్కల్లో నూనె భగ్గుమని అంటుకునేది. నల్లటి పొగ. సమయం చూసి కర్రతో డబ్బాను ఇసకలోకి దొర్లించి, మీద ఇంకాస్త ఇసక కప్పాలి. ఒక్క క్షణం ముందైతే పచ్చి, ఒక్క క్షణం తర్వాతైతే బొగ్గు. తర్వాత రాయితో కొట్టుకుని తినడం. పెంకు రసం పెదాలకు తగిలితే చర్మం ఊడిపోయేది. ప్రతి జూన్‌లో మా క్లాసులో నల్లబడ్డ వేళ్లతో, పొక్కిన పెదాలతో వెళ్లేది నేనొక్కదాన్నే. టీచరు చూసి ఇదేం రోగమని పక్కన కూర్చోబెట్టింది ఒకసారి.

ఇందాక పిల్లలం పదిమందిమి అన్నాను కదా. తోటకు వెళ్లేది మేం ఆడపిల్లలం అయిదుగురం. మగపిల్లలు నిద్ర లేచాక చెరువుకు ఈతకెళ్లేవాళ్లు. రైలు కూత కోసం పదిమందిమి కలిసే కూర్చునేవాళ్లం గానీ, వడ్డన మాత్రం ముందు ఆ మగపిల్లలకి. పనసకాయ కోసిన రోజు మంచి తొనలు వాళ్ల ఆకుల్లో పడేవి, మాకు చివర్లోవి. చేతికి నూనె రాసుకుని, ఆ జిగురుతో కుస్తీ పట్టి తొనలు ఒలిచింది మాత్రం మేమే. వడ్డించింది అమ్మమ్మే. దాన్ని ఎవరూ తిక్క అనలేదు.

ఇంకోటి ఉంది. చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. కొబ్బరి దింపు తీసే ఆయన కూతురు నా ఈడుది. వేకువన పిక్కలు మాతోపాటే ఏరేది. నా కంటే వేగంగా ఏరేది. ఎండెక్కాక ఇద్దరం ఇంటికొచ్చేవాళ్లం. నేను లోపలికి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకు తాగేదాన్ని. ఆ పిల్ల పెరటి గుమ్మం బయట, మెట్టు కింద దోసిలి పట్టి నిలబడేది. అమ్మమ్మ చెంబు నా చేతికిచ్చి, "పైనుంచి పొయ్యి, తగలనీకు" అనేది. నేను పోసేదాన్ని. ఎన్ని వేసవులు పోశానో. మోచేతుల మీదుగా నీళ్లు కారిపోతుంటే ఆ పిల్ల నా వైపు చూసేది కాదు. దోసిలి వైపే చూసేది.

దీన్ని కూడా ఎవరూ తిక్క అనలేదు. ఊళ్లో ప్రతి పెరట్లో అంతే. చెట్టుకు పేరు పెట్టి పిలిచిన మనిషి, ఆ పిల్లను ఎనిమిదేళ్లలో ఒక్కసారి పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. "ఒలే" అనేది, అంతే. చెట్లతో మాట్లాడటం పిచ్చి. మనిషికి చెంబు తగలనివ్వకపోవడం మర్యాద!

మా మావయ్య కొడుకు పోస్టులో ఈ చెంబు లేదు. ఉంటే దానికీ ఏదో ఒక కారణం దొరికేది. శుభ్రత కోసం, సూక్ష్మక్రిముల కోసం అని. నేను వెటకారానికి అనడం లేదు, మడికీ మైలకూ అలాంటి కారణాలు రాసిన మెసేజీలు నాకు కనీసం అరడజను వచ్చాయి.

నా గొడవంతా ఇక్కడే. ఒక మనిషి చేసేవాటిలో ఏది తిక్కో ఏది మర్యాదో నిర్ణయించింది ఊరు. ఆ లెక్క ఎంత తలకిందులుగా ఉందో చూడండి. వాచీ వల్ల ఎవరికీ నష్టం లేదు. చెట్ల పేర్ల వల్ల లేదు. రైలు కూత వల్ల పిల్లల కడుపులు కాస్త మాడాయి, నవ్వుకున్నాం. ఊరు తిక్క అని వేలెత్తి చూపించిన ప్రతి పనీ ఆవిడ తనంతట తాను, ఎవరినీ అడగకుండా, ఎవరినీ నొప్పించకుండా పెట్టుకున్న పని. నొప్పించినవన్నీ ఊరు ఆవిడకు నేర్పినవి. వాటికి ఏ పేరూ లేదు. ఇప్పుడు మనం ఆ మొదటివాటికి సైన్సు పూసి శాస్త్రవేత్తను చేస్తున్నాం, రెండోవాటిని ఫొటోలోంచి కత్తిరించేస్తున్నాం. రెండు రకాలుగానూ ఆ మనిషి మాయమైపోతోంది.

జాలి కథతో మాయం చేసేవాళ్లూ ఉన్నారు. మా పెద్దత్తయ్య చెప్పేది అది. తాతయ్య పెళ్లయిన కొత్తలోనే రంగం వెళ్లాడు, బియ్యం మిల్లులో పనికి. మా తీరం నుంచి వేలమంది అలా ఓడెక్కినవాళ్లే. 1941 డిసెంబరు 23న జపానువాళ్లు రంగూన్ మీద బాంబులు వేశారు. జనం కొండలూ అడవులూ పట్టి నడిచి దేశానికి వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోయారు. తాతయ్య నెలల తరబడి నడిచి, 1942లో ఎముకలగూడై ఇంటికి చేరాడు. ఆ ఎదురుచూపుల్లోనే అమ్మమ్మకు మతి కాస్త అటూ ఇటూ అయిందని అత్తయ్య సిద్ధాంతం. రైలు కూత కూడా అందుకేనట, మొగుడొస్తాడని!

వినడానికి బాగుంటుంది. అమ్మమ్మనే అడిగాను ఒకసారి, ఆ రోజుల్లో బెంగ పెట్టుకున్నావా అని. "బెంగేటే? పొలం నేదా, గొడ్డు నేదా, అత్త నేదా? ఖాళీ ఎక్కడిదే?" అంది. అత్త అంటే మనిషి. కాసేపాగి, "ఆయనొచ్చాక మరీ ఖాళీ నేదు" అంది.

తిక్క అనే మాట నవ్వులాటగా ఉన్నన్నాళ్లూ నాకూ నవ్వే వచ్చింది. ఆ మాటకు ఇంకో వాడకం ఉందని తెలిసింది 1986 వేసవిలో.

తాతయ్య 1963లో పోయాడు. అప్పటికి హిందూ వారసత్వ చట్టం వచ్చి ఏడేళ్లు. 1956కు ముందైతే మొగుడి ఆస్తిలో వితంతువుకు ఉండేది బతికినన్నాళ్లు అనుభవించే హక్కు మాత్రమే, అమ్ముకోడానికీ ఇచ్చుకోడానికీ వీల్లేదు. ఆ చట్టం వచ్చాక ఆవిడకు వచ్చిన పాలు పూర్తిగా ఆవిడదే. కూతురిగా మా అమ్మకూ తాతయ్య వాటాలో ఓ చిన్న పాలు రావాలి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మా అమ్మతో సహా. తన పాలుగా అమ్మమ్మ పట్టుకుని కూర్చున్నది ఆ తొమ్మిది చెట్లూ, వాటి కింద నేలా.

ఆవిడకు చదువు రాదు. పేపరు నేను చదివి వినిపించేదాన్ని. పదకొండేళ్లు నాకు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకూ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఉంటుందని, అంతకు ముందు సెప్టెంబరు నుంచే, అంటే 1985 నుంచే, అమలయ్యేలా చట్టం సవరించారు. దాని గురించి పేపర్లో ఏదో రాశారు, చదివాను. అందులో ఒక మెలిక ఉంది. అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు అది వర్తించదు. మా అమ్మ పెళ్లి 1971లో అయింది. అమ్మమ్మ ఆ వాక్యాన్ని నా చేత మళ్లీ చదివించింది. చుట్ట ఆర్పి చెవి సందున పెట్టుకుంది. "పెళ్లి సేసేస్తే కూతురు కాకుండా పోద్దేటి?" అంది.

వారం తిరక్కుండా ఆ తొమ్మిది చెట్ల నేల మా అమ్మ పేర రాసేస్తానని చెప్పింది. ఇంట్లో టెన్షన్ మొదలైంది. అరుపులు లేవు, అన్నం దగ్గర మాటలు ఆగిపోయాయి. నాలుగు రోజుల తర్వాత మావయ్యలు ఎవరో ప్లీడరు గుమాస్తా చేత ఒక కాగితం రాయించారని తెలిసింది. తల్లికి మతి నిలకడగా లేదు, ఆవిడ చేత ఏ రిజిస్ట్రేషనూ చేయించొద్దు అని. దానికి రుజువులు: నడవని వాచీ పెట్టుకుంటుంది, రైలు కూస్తే గానీ అన్నం తినదు, చెట్లను మనుషుల పేర్లతో పిలిచి తిడుతుంది, గంగాజలం వడగట్టింది.

పోయిన వేసవి పెద్దమావయ్య కొడుకు పెట్టిన పోస్టులో ఉన్నవీ ఇవే. దాదాపు ఇదే వరస. ఆ కాగితం రాయించింది వాళ్ల నాన్నే. వాడికి ఈ సంగతి తెలుసో తెలియదో నాకు తెలియదు, అప్పటికి వాడికి నాలుగేళ్లు. కానీ నాకు దండం పెట్టడానికి చెయ్యి రాలేదు.

రిజిస్ట్రారు ఆఫీసుకు అమ్మా అమ్మమ్మా వెళ్లారు. నన్ను తీసుకెళ్లలేదు, అమ్మ చెప్పగా విన్నాను. అక్కడి ఆయన కాగితం చూసి, ఆవిడ చేతికున్న వాచీ చూసి, పరీక్ష పెడదామనుకున్నాడో ఏమో, "టైమెంతయింది మామ్మా?" అని అడిగాడట. అమ్మమ్మ ఆయన తల మీదుగా గోడ వైపు చూపించి, "ఇది నడవదు బాబూ. నీ గడియారం అక్కడుంది, సూసుకో" అందట. నేల ఎక్కడుంది, హద్దులేమిటి, ఎవరికిస్తున్నావు, ఎందుకిస్తున్నావు అని అడిగారు. హద్దులు చెప్పింది. ఎందుకు అన్నదానికి మాత్రం, "నాదీ" అందట. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

మా మావయ్యలు దుర్మార్గులని చెప్పడం లేదు. చిన్నమావయ్య రైలు కూత పెట్టినవాడే. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాడూ ఆయనే. తల్లి పోయేదాకా చూసుకున్నదీ ఆయనే. నాకు వాళ్ల మీద కంటే ఆ మాట మీద కోపం. ఎంత ముద్దుగా మొదలవుతుందో, అవసరం పడినప్పుడు ఎంత సులువుగా దస్తావేజులోకి ఎక్కేస్తుందో!

అమ్మమ్మ 1994లో పోయింది. ముందు అంగిలి తెల్లబడింది, తర్వాత పుండు పడింది, అన్నం కాదు కదా గంజి కూడా దిగలేదు. నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లకు అప్పటికే బాగా తెలుసు, మా ఉత్తరాంధ్ర ఆడవాళ్ల మీద పరిశోధనలే జరిగాయి. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మానేదని నాకు నమ్మకం లేదు. ఆవిడను తీసుకుపోయింది మాత్రం ఊరు ఏనాడూ తిక్క అనని అలవాటు.

అందుకే, ఆ రోజుల్లో తిండి మంచిది, గాలి మంచిది, నీళ్లు మంచివి, వాళ్లంతా నిండు నూరేళ్లు బతికారు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ నీళ్లు? ఉద్దానం వచ్చి అనండి ఆ మాట. మా పిల్లలకు అలాంటి వేసవులు లేకుండా పోయాయని బాధపడేవాళ్లతో మాత్రం సగం ఒప్పుకుంటాను. ఆ జీడిపిక్కల మంట ముందు కూర్చోవడం నా కూతురికి లేదు, దానికి నాకూ బాధే. కానీ దోసిలి పట్టిన పిల్ల కూడా ఆ వేసవిలోదే. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో, తన పిల్లలకు ఆ వేసవుల గురించి ఏం చెప్పుకుంటోందో. తలుచుకుంటే అప్పుడప్పుడు రాత్రి నిద్ర పట్టదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. రోడ్ల మీద పడిన చెట్లు తొలగించాక అమ్మను తీసుకుని వెళ్లాను. కారు తోటల్లోకి తిరిగాక ఆకాశం ఎక్కువగా కనబడింది. అంత ఆకాశం అక్కడ నేనెప్పుడూ చూడలేదు. అమ్మ దారంతా ఏం మాట్లాడలేదు.

దొడ్డి వెనకకు వెళ్లేసరికి నష్టం రాసుకునే కుర్రాడు ఒకడు వచ్చి ఉన్నాడు. చేతిలో అట్ట, మెడలో ఐడీ కార్డు, చెప్పుల నిండా బురద. పాపం, పొద్దున్నుంచి ఎన్ని తోటలు తిరిగాడో. "ఎన్ని పడ్డాయమ్మా?" అని అడిగాడు.

అమ్మకు అరవై ఆరేళ్లు. కొంగు బిగించి పడిన చెట్లను దాటుకుంటూ నడిచింది, వేలు పెట్టి చూపిస్తూ.

"మున్సబు పోయాడు. రంగం పోయింది, అది ఎటూ వాలే ఉండేది. పెళ్లికూతురు మధ్యకి ఇరిగిపోయింది. అత్త..." అని తలెత్తి చూసింది. "అత్త ఉంది. తాసిల్దారు మాత్రం మొదలంటా పడిపోయాడు బాబూ."

ఆ కుర్రాడు రాయడం ఆపి తలెత్తాడు.

"అయ్యో, లేదండీ. పొద్దున్న ఆఫీసులో బాగానే ఉన్నారే" అన్నాడు.